ఫుట్‌బాల్ మేనేజర్‌లో కాంట్రాక్టు: జీతం అంకె వేసే ముందు ప్లేయర్ స్వభావం చదవండి

ఫుట్‌బాల్ మేనేజర్ అంటే ఒక క్లబ్బును మీరే నడిపే కంప్యూటర్ గేమ్. అందులో ఒకే స్క్వాడ్‌లో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. ఇద్దరికీ 22 ఏళ్లే. స్టార్ రేటింగులూ ఒకటే, ఇప్పుడు తీసుకుంటున్న జీతాలూ దాదాపు ఒకటే. కొత్త కాంట్రాక్టు కోసం పిలిస్తే ఒకరి ఏజెంటు వారానికి 28,000 పౌండ్లకు తలూపి వెళ్లిపోతాడు. రెండోవాడి ఏజెంటు మాత్రం 45,000, దానిపైన రిలీజ్ క్లాజ్ (ఫలానా ధర ఇచ్చే క్లబ్బుకు ప్లేయర్‌ను వదలాలన్న షరతు), ఏటా పెంపు అడుగుతాడు. అవన్నీ ఇచ్చాక కూడా ఏడాది తిరక్కుండానే ఆ ప్లేయర్ "పెద్ద క్లబ్బుకు పోతాను" అని గది తలుపు కొడతాడు. తేడా అంతా ప్రొఫైల్లో పర్సనాలిటీ ఎదురుగా ఉన్న ఒక్క మాటలో ఉంది. చాలామంది ఆ మాటను సంతకాలయ్యాక చదువుతారు. ఏజెంటుతో కూర్చోకముందే చదివితే ఎంత ఇవ్వాలో మాత్రమే కాదు, ఏ క్లాజ్ దగ్గర గట్టిగా నిలబడాలో, అసలు మాటలు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

ఈ గైడు ఫుట్‌బాల్ మేనేజర్ 2024 (ఎఫ్‌ఎం24) స్క్రీన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎఫ్‌ఎం25 రద్దయింది. 2025 నవంబర్‌లో వచ్చిన ఎఫ్‌ఎం26లో ఇంజిన్ మారి మెనూలు అటూ ఇటూ అయ్యాయి, కాబట్టి బటన్ వేరే చోట కనిపించవచ్చు. స్వభావం వెనకున్న లెక్క మాత్రం పాతదే.

ఆ ఒక్క మాట వెనక ఏముంది

ప్రతి ప్లేయర్‌కూ 1 నుంచి 20 వరకు అంకెలున్న ఎనిమిది స్వభావ గుణాలు కనిపించకుండా ఉంటాయి: అడాప్టబిలిటీ, అంబిషన్, కాంట్రవర్సీ, లాయల్టీ, ప్రెషర్, ప్రొఫెషనలిజం, స్పోర్ట్స్‌మన్‌షిప్, టెంపరమెంట్. వీటికి బయటికి కనిపించే డిటర్మినేషన్ తోడవుతుంది, కొన్ని పేర్లకు లీడర్‌షిప్ కూడా. వీటన్నిటినీ కలిపి గేమ్ ఒక పేరు పెడుతుంది: మోడల్ సిటిజన్, ప్రొఫెషనల్, ఫికిల్ (నిలకడ లేనివాడు), బ్యాలెన్స్‌డ్, ఇలా.

కాంట్రాక్టు వరకు చూస్తే ఎనిమిదింటికీ సమానమైన బరువు లేదు. అసలు బేరం అంబిషన్, లాయల్టీల మధ్యే నడుస్తుంది. ఈ రెండూ ఎటు మొగ్గాయో తెలిస్తే సగం పని అయినట్టే. ప్రొఫెషనలిజం జీతాన్ని తగ్గించదు, కానీ మీరు ఇచ్చే జీతానికి నాలుగేళ్ల తర్వాత కూడా విలువ ఉంటుందా లేదా అన్నది దాని చేతిలో ఉంది. కాంట్రవర్సీ, టెంపరమెంట్ సంతకం రోజున కనిపించవు, మాట తప్పిన రోజున బయటపడతాయి. అడాప్టబిలిటీ విదేశీ కొనుగోళ్లకే ముఖ్యం. ప్రెషర్, స్పోర్ట్స్‌మన్‌షిప్‌లను బేరం గదిలో పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. పేరు ఒక్కటే కనిపిస్తుంది, దాని కింద ఉన్నవన్నీ కనిపించవు. లీడర్ అని ఉంటే నాయకత్వ గుణం పైకొచ్చి పేరును ఆక్రమించేసిందని అర్థం. అతని లాయల్టీ 4 కావచ్చు, 17 కావచ్చు. ఇంకా మోసపుచ్చే పేరు బ్యాలెన్స్‌డ్. సమతూకం అని విని మంచివాడేమో అనుకుంటాం. నిజానికి ఏ గుణమూ పేరు పెట్టించేంతగా ఎటూ మొగ్గలేదని మాత్రమే దాని భావం. అంబిషన్ 14, లాయల్టీ 7 ఉన్నవాడూ, ఆ అంకెలు తిరగబడినవాడూ ఒకే పేరుతో కనిపించవచ్చు.

అందుకే పక్కనే ఉండే మీడియా హ్యాండ్లింగ్ స్టైల్‌ను రెండో సాక్షిగా పిలవాలి. లెవెల్-హెడెడ్, రిజర్వ్‌డ్ అని ఉంటే గొడవలు తక్కువ. అవుట్‌స్పోకెన్, కన్‌ఫ్రంటేషనల్ అని ఉంటే అసంతృప్తి వచ్చిన రోజున అది మీ ఆఫీసులో ఆగదు, పత్రికలకెక్కుతుంది. వోలటైల్, షార్ట్-టెంపర్డ్ అని ఉంటే టెంపరమెంట్ మీద అనుమానం పెట్టుకోండి. ఒకే ప్లేయర్‌కు రెండు మూడు స్టైల్స్ కలిపి రాసి ఉండవచ్చు, అన్నీ చదవండి.

ఎక్కడ చూడాలి

సొంత ప్లేయర్లవి ప్రొఫైల్లోని సమాచారం పెట్టెలోనే కనిపిస్తాయి. స్క్వాడ్ స్క్రీన్‌లో కొత్త వ్యూ ఒకటి తయారు చేసుకుని అందులో పర్సనాలిటీ, మీడియా హ్యాండ్లింగ్, వయసు, జీతం, కాంట్రాక్టు ముగింపు తేదీ అనే ఐదు కాలమ్‌లు పక్కపక్కన పెట్టండి. ఐదు నిమిషాల పని, సేవ్ (మీరు దాచుకుని కొనసాగించే ఆట) మొత్తానికీ పనికొస్తుంది. బయటి ప్లేయర్ అయితే స్కౌట్‌ను పంపాలి. రిపోర్టు తగినంత నిండేదాకా స్వభావం సంగతి తేలదు. రిపోర్టులోని ప్రోస్, కాన్స్ వాక్యాలను స్టార్ల కంటే జాగ్రత్తగా చదవండి.

నెట్‌లో దొరికే "లాయల్ ప్లేయర్ల జాబితా"లను నమ్ముకుని చిన్న డివిజన్లలో కొనుగోళ్లు చేయకండి. పేరున్న ప్లేయర్లకు రీసెర్చర్లు అంకెలు నింపి ఉంచుతారు. మిగతా వేలమందికి ఆ గళ్లు ఖాళీగా ఉంటాయి, కొత్త గేమ్ మొదలుపెట్టిన ప్రతిసారీ గేమ్ వాటిని తనకు తోచినట్టు నింపుతుంది. ఒకరి సేవ్‌లో డివోటెడ్ అయినవాడు మీ సేవ్‌లో ఫికిల్ కావచ్చు.

పేరును బట్టి బేరం

అంబిషస్, వెరీ అంబిషస్, డ్రివెన్. వీళ్లకు కావలసింది మెట్లు. మీ క్లబ్బు పైకెళ్తున్నంత కాలం వీళ్లంత మంచివాళ్లు లేరు. ట్రెయినింగ్‌లో కష్టపడతారు, ఎదుగుతారు. యూరప్ పోటీలకు క్వాలిఫై కాని మరుసటి వేసవిలో తలనొప్పి మొదలవుతుంది. వీళ్ల ఏజెంట్లు జీతం కంటే రిలీజ్ క్లాజ్ మీద ఎక్కువ పట్టుబడతారు. జీతంలో కాస్త ఉదారంగా ఉండి క్లాజ్ దగ్గర బిగించడమే సరైన పద్ధతి. వారానికి 3,000 ఎక్కువిస్తే నాలుగేళ్లలో అయ్యేది 6,24,000 పౌండ్లు. తక్కువ రిలీజ్ క్లాజ్ వల్ల పోయేది కోట్లలో ఉంటుంది.

ఫికిల్, మెర్సెనరీ. అంబిషన్ ఎక్కువ, లాయల్టీ అడుగున. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఇలాంటివాళ్లను కొనకూడదని కాదు. పాతికేళ్లలోపు వయసుంటే కొని, పెంచి, అమ్మడానికి ఇంతకంటే అనువైన సరుకు లేదు, ఎందుకంటే పెద్ద క్లబ్బు పిలిస్తే బేరాలాడకుండా వెళ్లిపోతారు. చేయకూడని తప్పు ఒక్కటే, కాంట్రాక్టు చివరి ఏడాదిలోకి అడుగుపెట్టనివ్వడం.

లాయల్, వెరీ లాయల్, డివోటెడ్. సొంత క్లబ్బుకైతే వీళ్లు చౌక. రెన్యువల్‌లో తక్కువ అడుగుతారు, బయటి ఆఫర్లకు కదలరు. పక్క క్లబ్బు నుంచి తెచ్చుకోవాలంటే ఇదే గుణం ఎదురు తిరుగుతుంది, ఎంత జీతం చూపినా రానంటారు. దీన్ని చాలామంది మరిచిపోతారు. లాయల్టీ మీకు తగ్గింపు ఇస్తుందా, అడ్డుగోడ అవుతుందా అన్నది ప్లేయర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ పేర్లు పడ్డవాళ్లలో అంబిషన్ సాధారణంగా తక్కువే. 18 ఏళ్ల కుర్రాడికి డివోటెడ్ అని కనిపిస్తే సంబరపడి ఐదేళ్లు రాసేయకండి. ముందు ప్రొఫెషనలిజం ఎలా ఉందో కోచ్ రిపోర్టుల్లో వెతకండి. ఎదగని ప్లేయర్ క్లబ్బును వదిలి వెళ్లకపోవడం కూడా ఒక సమస్యే.

ప్రొఫెషనల్, మోడల్ ప్రొఫెషనల్, మోడల్ సిటిజన్. వీళ్లు జీతం తక్కువ అడుగుతారన్నది అపోహ. వీళ్ల దగ్గర లాభం వేరే చోట ఉంది. 30 దాటాక కూడా త్వరగా జారిపోరు, కుర్రాళ్లకు మెంటార్లుగా పనికొస్తారు. మిగతావాళ్లకు 31వ ఏట ఒక్క ఏడాది ఇచ్చే చోట వీళ్లకు రెండేళ్లు ధైర్యంగా రాయవచ్చు.

అన్‌అంబిషస్, క్యాజువల్, స్లాక్. జీతం పెంచిన రోజే వీళ్లు మీకు అంటుకుపోతారు. ఫామ్ పోయాక అమ్మబోతే కొనేవాళ్లు ఇచ్చే జీతం వీళ్లకు చాలదు, మీ దగ్గరే బెంచీ మీద హాయిగా కూర్చుంటారు. రెండేళ్లకు మించి రాయకండి. జీతం తక్కువ పెట్టి అప్పియరెన్స్ ఫీజు ఎక్కువ పెట్టండి. ఆడితేనే డబ్బు.

టెంపరమెంటల్ అని పేరుంటే చర్చలు తెగిపోతాయేమోనని భయపడేవాళ్లున్నారు. చర్చల్లో కూర్చునేది ఏజెంటు, అక్కడ తెగేది అతని ఓపిక. ప్లేయర్ కోపం చూడాల్సి వచ్చేది తర్వాత, వచ్చిన ఆఫర్‌ను మీరు తిప్పి పంపినప్పుడో, ఇచ్చిన మాట తప్పినప్పుడో.

ఒక బేరాన్ని దగ్గర నుంచి చూద్దాం

మీరు ఇంగ్లండ్ రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లో ఉన్నారు. 19 ఏళ్ల వింగర్, పేరు ఫికిల్, జీతం 4,000, కాంట్రాక్టు రెండేళ్లు మిగిలింది. ఈ సీజన్‌లో బెంచీ మీద నుంచి వచ్చి నాలుగు గోల్స్ కొట్టాడు. రెన్యువల్‌కు పిలవగానే ఏజెంటు కాగితం పెడతాడు: వారానికి 14,000, నాలుగేళ్లు, రెగ్యులర్ స్టార్టర్, ఏటా 10 శాతం పెంపు, మ్యాచ్‌కు 1,500 అప్పియరెన్స్ ఫీజు, 1.2 కోట్ల పౌండ్ల రిలీజ్ క్లాజ్.

మొదట ప్లేయింగ్ టైమ్. అతన్ని నిజంగా ఎన్ని మ్యాచ్‌లు ఆడించగలరో అదే రాయండి. ఇప్పటికి ఇంపాక్ట్ సబ్ (బెంచీ మీద నుంచి దిగేవాడు), వచ్చే సీజన్ నుంచి రెగ్యులర్ స్టార్టర్ అని పాత్‌వేలో, అంటే ఏ సీజన్‌లో ఏ స్థాయో రాసే చోట, పెట్టండి. అంబిషన్ ఉన్నవాళ్లు ఈ మెట్ల వరసను సాధారణంగా ఒప్పుకుంటారు, ముందుకెళ్లే దారి కనిపిస్తోంది కాబట్టి. ఏజెంటు ముఖం ఇక్కడే మాడితే మిగతా అంశాల జోలికి వెళ్లకముందే సంగతి తెలిసిపోతుంది.

తర్వాత రిలీజ్ క్లాజ్. పూర్తిగా తీసేసి తాళం (ఈ అంశం మీద ఇక బేరం లేదని చెప్పే గుర్తు) బిగిస్తే ఏజెంటు ఓపిక ఒక్కసారిగా పడిపోతుంది, ఫికిల్ ప్లేయర్ల విషయంలో చర్చలే ఆగిపోవచ్చు. తీసేయకండి, రూపం మార్చండి. అన్ని క్లబ్బులకూ వర్తించే క్లాజ్ స్థానంలో పెద్ద కాంటినెంటల్ పోటీల్లో ఆడే క్లబ్బులకు మాత్రమే వర్తించేది, లేదా విదేశీ క్లబ్బులకు మాత్రమే వర్తించేది పెట్టి, అంకెను 2.5 కోట్లకు లేపండి. అప్పుడు పక్క ఊరి ప్రత్యర్థి క్లబ్బు చౌకగా ఎగరేసుకుపోయే భయం ఉండదు, ప్లేయర్‌కూ కలల క్లబ్బుకు తలుపు తెరిచే ఉంటుంది. ఒప్పుకునేలా కనిపిస్తే అప్పుడు తాళం వేయండి.

మూడోది ఏటా పెంపు. పది శాతం చిన్నదిగా అనిపిస్తుంది. లెక్క వేయండి: 14,000, 15,400, 16,940, 18,634. నాలుగేళ్లకు 33,78,648 పౌండ్లు. పెంపు లేకుండా నేరుగా 16,000 ఇస్తే 33,28,000. అంటే రెండు వేలు ఎక్కువిచ్చినా యాభై వేలు మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైంది, తర్వాతి బేరం 18,634 దగ్గర కాకుండా 16,000 దగ్గర మొదలవుతుంది. వేజ్ బడ్జెట్ ఈ ఏడాది మరీ ఇరుకుగా ఉంటే తప్ప పెంపును కొట్టేసి జీతంలో కలపండి. తక్కువ లాయల్టీ ఉన్నవాడు నాలుగేళ్లూ ఉండడు కదా, మొదటేడు తక్కువే మేలు కదా అని వాదించవచ్చు. ఏడాదిలోపే అమ్మే ఉద్దేశం ఉంటే ఆ వాదన సరైనదే. అప్పుడు పెంపు ఉంచి, మొదటి జీతాన్ని 13,000కు దించడానికి ప్రయత్నించండి.

అప్పియరెన్స్ ఫీజును వదిలేయండి. అతను 15 మ్యాచ్‌లు ఆడితే 22,500, వారానికి సగటున 433 పౌండ్లు. 40 ఆడితే 60,000, వారానికి 1,154. నలభై మ్యాచ్‌లు ఆడాడంటే మీకు కావలసినవాడే అయ్యాడన్నమాట. ఏజెంటుకు ఏదో ఒకటి ఇచ్చినట్టుండాలి కదా, అది ఇదే కానివ్వండి.

చివరగా ఏజెంటు జాబితాలో లేనిది మీరే చేర్చండి, క్లబ్బు తన ఇష్టప్రకారం కాంట్రాక్టును ఒక ఏడాది పొడిగించుకునే క్లాజ్. ఫికిల్ ప్లేయర్ల విషయంలో దీని విలువ జీతం కంటే ఎక్కువ. చివరి ఏడాదిలోకి వచ్చి "సంతకం పెట్టను" అన్నా మీ చేతిలో ఇంకో ఏడాది ఉంటుంది, అమ్మకం ధర నిలబడుతుంది. దీనికి బదులుగా గోల్ బోనస్ కాస్త పెంచాల్సి వచ్చినా పెంచండి.

ఒక్కో రౌండ్‌లో ఒకటి రెండు అంశాలకు మించి ముట్టుకోకండి. అన్నీ ఒకేసారి మార్చి పంపితే దేనికి ఏజెంటు ముఖం మాడిందో తెలియదు. తాళాలు కూడా అంతే. ఒకటి వేస్తే పట్టుదల, నాలుగు వేస్తే అవమానం.

మాట ఇచ్చే చోట జాగ్రత్త

జీతం తగ్గించడానికి ఒక పాత ఉపాయం ఉంది. ప్లేయింగ్ టైమ్‌ను ఒక మెట్టు పైకి, ఉదాహరణకు స్క్వాడ్ ప్లేయర్ నుంచి రెగ్యులర్ స్టార్టర్‌కు మారిస్తే ఏజెంటు జీతం దగ్గర కాస్త తగ్గడానికి సిద్ధపడవచ్చు. కానీ ఇంపార్టెంట్ ప్లేయర్, స్టార్ ప్లేయర్ స్థాయికి ఎక్కిస్తే జీతం అంకె కూడా దానితోపాటే ఎక్కుతుంది. ఒక్కో మెట్టు మార్చి అంకె ఎటు కదులుతోందో చూడండి. కాగితం మీద ఎక్కించి మైదానంలో కూర్చోబెడితే లాయల్ ప్లేయర్ కొన్నాళ్లు ఓర్చుకుంటాడు. అంబిషస్ వచ్చి అడుగుతాడు. కాంట్రవర్సీ ఎక్కువున్నవాడు విలేకరులకు చెప్తాడు. అతను టీమ్ లీడర్ల వరసలో ఉన్నవాడైతే గొడవ ఒక్కడితో ఆగదు, అతని సోషల్ గ్రూపులోని వాళ్లంతా మీ ఆఫీసు బయట నిలబడతారు.

కాంట్రాక్టులో అడిగే ఇతర ప్రామిస్‌ల సంగతీ ఇంతే. ఫలానా పొజిషన్‌లో మనిషిని తెస్తాను, యూరప్‌కు క్వాలిఫై చేయిస్తాను, మంచి ఆఫర్ వస్తే వదిలేస్తాను. ఈ చివరిది ఫికిల్ ప్లేయర్లకు ఇవ్వడం సులువుగా కనిపిస్తుంది. ఇచ్చాక మీకు గిట్టని ధరకు ఆఫర్ వచ్చినా కాదనడం కష్టం. మీ ఇష్టాయిష్టాలతో కాక లీగ్ టేబుల్‌తో ముడిపడిన ప్రామిస్‌లు మరీ ప్రమాదం. అవి మీ చేతిలో ఉండవు.

"అత్యధిక జీతగాడితో సమానం" అనే క్లాజ్ స్వభావం ఎలాంటిదైనా ఇవ్వకండి. రేపు ఒక స్ట్రైకర్‌ను పెద్ద జీతానికి తెస్తే ఈ ఒక్క గీత వల్ల ఇంకొకరి జీతం చెప్పకుండానే పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురికి ఇచ్చి ఉంటే వేజ్ బడ్జెట్ ఎందుకు పొంగిందో వెతుక్కుంటూ సాయంత్రమంతా గడుస్తుంది.

ఇక డివిజన్ల మధ్య ఊగిసలాడే క్లబ్బు అయితే రెలిగేషన్ వేజ్ డ్రాప్ (కింది డివిజన్‌కు పడిపోతే జీతం తగ్గే షరతు) అందరికీ రాయాలి, అంబిషస్ ప్లేయర్లకు మరీ ముఖ్యంగా. వాళ్ల ఏజెంట్లు దాన్ని ఒప్పుకోవడానికి రెలిగేషన్ రిలీజ్ క్లాజ్ అడుగుతారు. ఇచ్చేయండి. కింది డివిజన్‌లో పెద్ద జీతంతో, మూతి ముడుచుకుని కూర్చున్న అంబిషస్ ప్లేయర్ వల్ల ఎవరికీ లాభం లేదు.

ఎప్పుడు పిలవాలి

ఏజెంటు అడిగే అంకెను ప్లేయర్ పేరుప్రతిష్ఠ, ఈ మధ్య ఆట, అతని మీద పెద్ద క్లబ్బుల కన్ను, ఈ మూడూ లేపుతాయి. అంబిషన్ ఎక్కువైతే ఇంకా త్వరగా లేపుతాయి. కాబట్టి ఇలాంటి కుర్రాడిని మొదటి జట్టులో నిలదొక్కుకోకముందే పిలవాలి. హ్యాట్రిక్ కొట్టిన మర్నాడు కాదు, దేశం జట్టులోకి పిలుపొచ్చిన వారం కాదు. పేరు పక్కన వేరే క్లబ్బుకు కావాలన్న గుర్తు పడ్డాక పిలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

లాయల్, డివోటెడ్ ప్లేయర్లను ఏడాదిన్నర మిగిలేదాకా కదపనక్కర్లేదు. మిగతావాళ్లకు రెండేళ్లు మిగిలినప్పుడు మాట కలపండి. ఫికిల్, మెర్సెనరీలకు రెండున్నరేళ్లు. అప్పుడు కాదంటే వచ్చే ట్రాన్స్‌ఫర్ విండోలో (ప్లేయర్లను కొని అమ్మే గడువులో) మంచి ధరకే అమ్మవచ్చు. 1995లో యూరప్ న్యాయస్థానం నుంచి బాస్మన్ తీర్పు వచ్చాక కాంట్రాక్టు ముగిసిన ప్లేయర్ ఉచితంగా వెళ్లవచ్చు. గేమ్‌లోనూ చివరి ఆరు నెలల్లో విదేశీ క్లబ్బులు నేరుగా ప్లేయర్‌తో మాట్లాడేసుకుంటాయి, మీకు పైసా రాదు. క్లబ్బు పెద్దదైతే చాలు అనుకోకండి. కీలియన్ ఎంబాపే 2024లో పారిస్ క్లబ్బు పీఎస్‌జీ నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లింది కాంట్రాక్టు ముగిశాకే, ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండానే.

చర్చలు తెగిపోతే వెంటనే మళ్లీ పిలవలేరు, కొన్నాళ్లు ఆగాలి. ఆ గడువులో ప్లేయర్‌ను నాలుగు మ్యాచ్‌లు ఆడించండి, ట్రెయినింగ్‌ను మెచ్చుకోండి. కోపం మీద అతన్ని రిజర్వ్స్‌కు పంపడం లాయల్ ప్లేయర్‌ను కూడా శత్రువును చేసే పద్ధతి.

స్వభావాన్నే మార్చడం

ఇది నెమ్మది పని, కానీ డబ్బు ఖర్చులేని పని. ఎఫ్‌ఎం19 నుంచి పాత ట్యూటరింగ్ పోయి మెంటరింగ్ గ్రూపులు వచ్చాయి. కనీసం ముగ్గురు ఉండాలి. వయసు, జట్టులో స్థాయి, ఆడిన మ్యాచ్‌లు ఎక్కువున్నవాళ్ల స్వభావం చిన్నవాళ్లకు అంటుతుంది. పాతికేళ్లలోపువాళ్లే బాగా మారతారు. ఇద్దరు మోడల్ ప్రొఫెషనల్ పెద్దవాళ్ల మధ్య ఒక ఫికిల్ కుర్రాడిని కూర్చోబెట్టి ఒక సీజన్ వదిలేయండి. పేరు మారకపోయినా లోపలి అంకెలు జరుగుతుంటాయి.

గ్రూపు కట్టేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి: స్టార్ స్ట్రైకర్ కదా అని మెర్సెనరీని గ్రూపు పెద్దగా పెట్టడం. మంచి ఎంత అంటుతుందో చెడూ అంతే అంటుతుంది. రెన్యువల్ వచ్చే వేసవిలో ఉందనగా ఈ శీతాకాలానికైనా గ్రూపు సిద్ధం కావాలి. నెల ముందు పెడితే ఏమీ కాదు.

అకాడమీ నుంచి వచ్చే న్యూజెన్‌ల (గేమ్ తనే పుట్టించే కుర్రాళ్ల) స్వభావం మీద హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్ స్వభావం పడుతుంది. ఆ ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు అతని స్టార్ల కంటే ముందు పర్సనాలిటీ చూడండి. మోడల్ ప్రొఫెషనల్ హెడ్ ఉన్న క్లబ్బుకు పదేళ్లలో కాంట్రాక్టు గొడవలు తగ్గుతాయి. చిన్నప్పటి నుంచి మీ దగ్గరే పెరిగిన కుర్రాడికి మీ క్లబ్బు, ఒక్కోసారి మీరూ, ఇష్టమైన జాబితాలోకి చేరతారు. అక్కడ పేరుంటే ఫికిల్ కూడా కాస్త మెత్తబడతాడు.

విదేశాల నుంచి తెచ్చేటప్పుడు

అడాప్టబిలిటీ తక్కువున్న బ్రెజిల్ కుర్రాడిని నార్వేకు తెచ్చి ఐదేళ్లు రాస్తే ఆర్నెల్లకే ఇంటి మీద బెంగ అని ఎర్ర గుర్తు పడవచ్చు. ప్రొఫైల్‌లోని పర్సనాలిటీ మాట ఈ గుణాన్ని బయటపెట్టదు, స్కౌట్ రిపోర్టులో కొత్త దేశానికి అలవాటు పడటం గురించిన వాక్యం ఉంటే అదే ఆధారం. ఆ వాక్యం చెడ్డగా ఉంటే మూడేళ్లు, క్లబ్బు ఇష్టప్రకారం ఒక ఏడాది పొడిగింపు అన్నట్టు రాయండి. అదే భాష మాట్లాడే ప్లేయర్ జట్టులో ఉన్నాడా చూడండి. వచ్చిన రోజే భాషా కోర్సుకు పంపండి. వీళ్ల మీద రిలీజ్ క్లాజ్ పెట్టాల్సి వస్తే విదేశీ క్లబ్బులకు వర్తించే రకం పెట్టకండి, బెంగపడినవాడు వెళ్లేది అటే.

ముందు చెప్పిన ఐదు కాలమ్‌ల వ్యూను ఏడాదికి రెండుసార్లు తెరవండి. జూలై మొదట్లో ముగింపు తేదీ ప్రకారం వరస పెట్టి రెండేళ్ల లోపున్నవాళ్లను (ఫికిల్, మెర్సెనరీలైతే రెండున్నరేళ్ల లోపున్నవాళ్లను), వాళ్లలో ముందు ఫికిల్, మెర్సెనరీ, అంబిషస్ పేర్లున్నవాళ్లను పిలవండి. డిసెంబర్ మధ్యలో మళ్లీ తెరిచి, వచ్చే వేసవిలో కాంట్రాక్టు ముగిసేవాళ్లెవరైనా మిగిలారేమో చూడండి. మిగిలితే జనవరి 1కి ముందే సంతకం చేయించాలి, లేదా జనవరి విండోలో వచ్చినంతకు అమ్మేయాలి.